సర్పి: మొదటి మూడు రోజులు



కిందటేడు వేసవిలో మా ఉప్మాకలో జీడితోట పనికి వెళ్లివచ్చిన ఒక మామ్మగారికి కుడి డొక్కలో మంట మొదలైంది. వాతమనుకుని నూనె కాచి రాశారు. మూడోనాడు అక్కడ ఎర్రగా కంది, నీటిపొక్కులు గుత్తులుగా లేచాయి. "సర్పి" అన్నారు ఇరుగుపొరుగువారు. ఒకరు జేగురు పూశారు. ఇంకొకరు అది ఎంత పాకిందో పొద్దున్నా సాయంత్రం చూసి చెప్పసాగారు. నేను వెళ్లేసరికి పొక్కులు లేచి అయిదు రోజులైంది. ఆమె నా చేయి పట్టుకుని, "అయ్యగారూ, తలా తోకా కలిస్తే మనిషి దక్కదంటగా?" అని అడిగింది. నొప్పికంటె ఆ భయమే ఆమెను ఎక్కువ కుంగదీసింది.

ఆ భయానికి ఆధారం లేదు. సర్పికి పాముతో గాని, శాపంతో గాని సంబంధం లేదు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన వైరస్ ఒంట్లోనుండి పూర్తిగా పోదు. వెన్ను పక్కన నరాల మొదళ్లలో ఏళ్ల తరబడి నిద్రపోతుంది. వయసు మళ్లినప్పుడు, లేక ఏదైనా జబ్బువల్ల, మందులవల్ల ఒంట్లో శక్తి తగ్గినప్పుడు మేల్కొని, ఒక నరం వెంట చర్మంలోకి వస్తుంది. ఇంగ్లాండులో హోప్ సింప్సన్ అనే కుటుంబ వైద్యుడు తన దగ్గరకు వచ్చే రోగులను ఏళ్ల తరబడి గమనించి 1965లో ఈ సంగతి వివరించాడు. ఆ నరం ఒంటికి ఒక పక్కకే వెళ్తుంది కనుక పొక్కులు సాధారణంగా నడిమధ్యనే ఆగిపోతాయి. ఒకవేళ ఒళ్లంతా పాకినా అది చావు కబురు కాదు. వెంటనే ఆస్పత్రికి వెళ్లమనే హెచ్చరిక.

దీనికి ఎసైక్లోవిర్ వంటి మాత్రలున్నాయి. పొక్కులు లేచిన 72 గంటలలోపు మొదలుపెడితే ఎక్కువ మేలు. పెద్దలకు సాధారణంగా 800 మిల్లీగ్రాములు రోజుకు 5 సార్లు, 7 రోజులు ఇస్తారు. కిడ్నీ జబ్బు ఉన్నవారికి మోతాదు తగ్గించాలి కనుక డాక్టరుగారు రాయకుండా వాడవద్దు. మూడు రోజులు దాటినా సరే, మానుకోకుండా చూపించండి.

ఇంట్లో చేయవలసినది కొంచెమే. పొక్కులు చిదపవద్దు, పసరు, సున్నం, బూడిద పూయవద్దు. మంచినీళ్లతో కడిగి, తడి అద్ది, పలచని నూలుగుడ్డ కప్పండి. పథ్యం పేరుతో కడుపు మాడ్చవద్దు. పొక్కుల నీరు తగిలితే ఎదుటివారికి సర్పి రాదు గాని, ఆటలమ్మ ఎన్నడూ పోయనివారికి ఆటలమ్మ రావచ్చు. అందుకే పొక్కులు ఎండి చెక్కు కట్టేవరకు గర్భిణులను, పసిబిడ్డలను దూరంగా ఉంచండి.

నుదుటిమీద, కనురెప్పమీద, ముక్కు కొనమీద పొక్కులు వస్తే చూపుకే ప్రమాదం. ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలి. చెవి దగ్గర వచ్చి మూతి వంకరపోయినా ఆలస్యం చేయరాదు.

మామ్మగారిని మర్నాడే నక్కపల్లి ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకువెళ్లారు. పొక్కులు నెలలోపు మానాయి. నొప్పి మానలేదు. క్రిస్మస్ ఆరాధనకు వచ్చినప్పుడు కూడా చీరచెంగు తగిలితే ఉలిక్కిపడింది. పెద్దవయసులో ఇలా నెలల తరబడి నరాల నొప్పి మిగలడం తరచు జరిగేదే. దానికి వేరే మందులున్నాయి. "పుండు మానిందిగా, ఇంకా ఏమిటి మూలుగు?" అని కోడళ్లు, కొడుకులు విసుక్కోవద్దు. అది నిజమైన నొప్పి.

50 ఏళ్లు దాటినవారికి సర్పి రాకుండా రెండు మోతాదుల టీకా 2023 నుండి మన దేశంలో దొరుకుతోంది. ఖరీదు ఎక్కువే. వీలున్నవారు డాక్టరుగారిని అడగండి.

ఆ మూడు రోజులలో ఎవరైనా నాకు కబురు చేసి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను. హిజ్కియా రాజు పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద వేయించిన యెషయా ప్రవక్త ప్రార్థనను తక్కువ చేయలేదు. ప్రార్థనకు నన్ను పిలవండి, తప్పక వస్తాను. కాని నా కోసం ఆగకుండా ముందు ఆస్పత్రికి బయలుదేరండి. ఈ పేజీ చదువురాని పెద్దలకు చదివి వినిపించండి.