తూటాకు పూసిన కొవ్వు

తుపాకీకి ఏ కందెన వాడాలి? ఆయుధాగారంలోనే తేలిపోవాల్సిన ఈ చిన్న ప్రశ్న ఓసారి ఏకంగా సామ్రాజ్యాన్నే కుదిపేసింది!

1853 నమూనా ఎన్‌ఫీల్డ్‌ రైఫిల్‌లో తూటాను గొట్టం మూతి నుంచే కూరాలి. లోపలేమో మెలి తిరిగిన గాడులు. నాలుగుసార్లు పేలిస్తే మసి పేరుకుని తూటా దిగదు. అందుకే తూటా చుట్టిన కాగితానికి జంతువుల కొవ్వు, తేనెమైనం కలిపి పూసేవారు. గొట్టానికి అది బాగానే పనికొచ్చింది. కానీ మందు పోయాలంటే సిపాయి ఆ కాగితాన్ని పళ్లతో కొరకాలి. అది ఆవు కొవ్వా, పంది కొవ్వా? 1857 జనవరిలో డమ్‌డమ్‌లో పుట్టిన అనుమానం దండులన్నిటికీ పాకింది.

కంపెనీ దిగొచ్చింది. నచ్చిన కందెన మీరే పూసుకోండి, చేత్తోనే చింపుకోండి అంది. ఎవరు నమ్ముతారు? ఏప్రిల్‌ 24న మీరట్‌లో 90 మంది రౌతుల్లో 85 మంది తూటాలు ముట్టబోమన్నారు. నిజానికి అవి పాతరకానివే! మే 9న అందరి ముందూ వారికి సంకెళ్లు వేశారు. మర్నాడే తిరుగుబాటు. దానికి కారణాలెన్నో ఉన్నా, నిప్పురవ్వ మాత్రం ఇదే.

కందెన ఎంచినవారు గొట్టాన్ని చూశారు. కొరికేవాణ్ని అడగలేదు.