నవ్వి ఊరుకున్నాం

టీవీలో అమ్మే సరుకు మీద, దాన్ని అమ్మే యాంకర్ల మీద మనకు అభిప్రాయాలు లేవని ఎవరూ అనలేరు. కావలసినన్ని ఉన్నాయి. ఆ అమ్మాయి ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతుందని, పెదవులు హిందీలో కదులుతుంటే మాట తెలుగులో వస్తోందని, లావుగా చూపించిన మనిషీ సన్నగా చూపించిన మనిషీ ఒకరు కారని, 2,999 కొట్టేసి పక్కన 999 వేసిన వస్తువు ధర మొదటి నుంచీ 999 అయి ఉంటుందని మనం ఏనాడో పసిగట్టాం. చదువుకున్న ప్రతి ఇంట్లోనూ ఈ మాటలు పుట్టాయి. గుమ్మం దాటి మాత్రం బయటికి రాలేదు. ఇంత తెలిసినవాళ్ళం ఎవరికీ పనికిరాకుండా ఎలా పోయామన్నదే నన్ను తొలిచేస్తున్న ప్రశ్న.

ఆ అభిప్రాయాల్లో సగానికి పైగా యాంకర్ల మీదే ఖర్చు చేశాం. చీరకట్టు బాగాలేదన్నాం, గొంతు కీచుగా ఉందన్నాం, ఇంతలేసి అబద్ధాలు ఎలా చెబుతుందమ్మా అన్నాం. ఎవరో రాసిచ్చిన మాటలు గంటల తరబడి నిలబడి చెప్పి జీతం తెచ్చుకునే మనిషి ఆమె. ఆమె తప్పేమీ లేదని నేను అనను. అయితే అదే తరహా మాటలు మనం అభిమానించే తారలు చెప్పినప్పుడు మనకు నోరు పెగల్లేదు. తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనిపించి భరోసా ఇచ్చినవారికి కూడా 10 లక్షల రూపాయల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వెయ్యవచ్చని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. చెప్పే ముందు నిజానిజాలు విచారించుకున్నామని రుజువు చేసుకుంటే తప్ప తప్పించుకోలేరు. ‘మీరు విచారించుకున్నారా?’ అని ఏ అభిమాన సంఘమైనా తన హీరోను అడిగినట్టు నేను వినలేదు. పేరు తెలియని ఆడపిల్లను తిట్టడం సులువు. అందుకే ఆమెను తిట్టాం.

కొన్నవాళ్ళ సంగతికి వస్తే మన తప్పు ఇంకా పెద్దది. మధ్యాహ్నం రెండింటికి, ఒక ఇల్లాలు అంట్లు తోముకుని నడుం వాల్చే వేళకు తెర మీద ఒకామె వచ్చి, ‘అమ్మా, మెట్లెక్కుతుంటే మోకాళ్ళు పట్టేస్తున్నాయా? కింద కూచుంటే లేవలేకపోతున్నారా?’ అని అడుగుతుంది. ఆ ప్రశ్న ఇంట్లో ఎవరూ అడిగి ఉండరు. కొడుక్కి తీరిక లేదు. వయసు మీద పడితే అంతేలే అని భర్త కొట్టిపారేశాడు. ఫోన్ చేస్తే అవతలి గొంతు మర్యాదగా ఊరూ పేరూ కనుక్కుని, నొప్పి ఎన్నాళ్ళ నుంచో ఓపిగ్గా విన్నది. పోపులడబ్బాలో దాచుకున్న డబ్బు తీసి, పార్సిల్ తెచ్చిన కుర్రాడి చేతిలో పెట్టింది ఆవిడ. మోకాళ్ళకు తొడుక్కున్న పట్టీ పని చెయ్యలేదు.

అప్పుడు మనం చేసిందేమిటి? పండక్కి చుట్టాలందరూ కూడిన చోట ఆ పట్టీ కథ చెప్పి నవ్వాం. ‘మా అత్తయ్య టీవీలో చూసి కొన్నది’ అంటే చాలు, మిగతాది చెప్పకముందే అందరూ పగలబడేవాళ్ళు. ఆవిడా మనతో పాటు నవ్వింది, లోపలికి వెళ్ళిపోయింది. మోసపోయానని చెప్పుకోవడం కంటే పెట్టెను అటక మీదికి తోసెయ్యడమే పరువనిపించేలా చేశాం. అమ్మినవాడికి కావలసింది సరిగ్గా ఆ మౌనమే. వాడికి దాన్ని సమకూర్చిపెట్టింది మనమే.

నోరు విప్పితే ఏమవుతుందో మనకు తెలియకపోలేదు. 2022 ఫిబ్రవరిలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ టీవీలో సరుకులమ్మే నాప్టాల్‌కు 10 లక్షల రూపాయల జరిమానా వేసింది. బంగారు నగల జత, అయస్కాంతాల మోకాలి పట్టీ, ఆక్యుప్రెషర్ యోగా చెప్పులు, వీటి ప్రకటనలు ఆపమంది. ముందే రికార్డు చేసిన కార్యక్రమమైతే ఆ సంగతి స్పష్టంగా చెప్పి తీరాలంది. వచ్చే 30 నిమిషాల్లో కొనకపోతే దొరకదన్నట్టు లేని కొరత సృష్టించడం మానుకోమంది. ‘ఇదంతా రికార్డింగేలే’ అని మనం ఇంట్లో అనుకున్న మాటే అది. అధికారులకు మాత్రం మనం చెప్పలేదు. 2021 జూన్ నుంచి 2022 జనవరి 25 దాకా నాప్టాల్ మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు అందిన ఫిర్యాదులు 399. దేశమంతటికీ కలిపి అన్నే. ఒక్క సంక్రాంతికి మన తెలుగు ఇళ్ళల్లో చెప్పుకుని నవ్వుకున్న కథలే అంతకు మించి ఉంటాయని నా నమ్మకం.

చట్టాలు లేక కాదు. ఎత్తు పెంచుతాం, ఒళ్ళు తగ్గిస్తాం, చక్కెర జబ్బు నయం చేస్తాం అని మందులకు ప్రకటనలివ్వడాన్ని 1954లోనే నేరం చేశారు. రోగం కుదురుస్తుందని చెప్పి అమ్మే తాయెత్తూ కవచమూ కూడా ఆ చట్టం పరిధిలోనివే. హనుమాన్ చాలీసా యంత్రం ప్రకటనల మీద మహారాష్ట్రలో ఒక ఉపాధ్యాయుడు కోర్టుకెక్కాడు. అక్కడి 2013 నాటి మూఢాచారాల నిషేధ చట్టం కింద అలాంటి ప్రకటనలు ప్రసారం చెయ్యడం కూడా చట్టవిరుద్ధమేనని 2021 జనవరిలో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం తేల్చింది. యంత్రాలూ రత్నాలూ మన తెర మీదా తెలుగు గొంతుతో అమ్ముడయ్యాయి. మనం చానల్ మార్చాం. అంతకు మించి ఏమీ చెయ్యలేదు. మన దగ్గరా అలాంటి చట్టం కావాలని జనవిజ్ఞాన వేదిక వాళ్ళు అడుగుతుంటే, అదేదో నాస్తికుల గొడవ అనుకుని పక్కకు జరిగాం.

పత్రికల్లో రాసే మేము దీన్ని ఇంకా గట్టిగా ఒప్పుకోవాలి. దీర్ఘవ్యాధులకు గ్యారంటీ వైద్యమని, ఫలానా లాడ్జిలో ఫలానా తేదీన డాక్టరుగారు దొరుకుతారని వారపత్రికలు ఏళ్ళ తరబడి అచ్చువేశాయి. ఆ ప్రకటనకు ఎదురు పేజీలోనే మా వ్యాసం ఉండేది. దాని డబ్బుతోనే మా పారితోషికం వచ్చేది. టీవీవాళ్ళు అర్ధరాత్రి దాటాక గంటకింత అని సమయం అమ్ముకుని, ‘ఈ కార్యక్రమంతో చానల్‌కు సంబంధం లేదు’ అని ఒక్క వాక్యం వేసినప్పుడు మాకు అడిగే నోరు లేకపోయింది.

ఆ హెల్ప్‌లైన్ నంబరు 1915కు తెలుగులోనే ఫోన్ చేసి చెప్పవచ్చు. 5 లక్షల లోపు విలువైన వస్తువైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రుసుము లేదు. అమ్మినవాడు ముంబైలో ఉన్నా, కొన్నావిడ తానుండే జిల్లాలోనే కేసు వెయ్యవచ్చు. బిల్లు, డబ్బు కట్టిన రసీదు, ఫోన్ నంబరు దగ్గర పెట్టుకుని, దరఖాస్తు రాసిచ్చే మనిషి ఒకరు ఇంట్లో ఉంటే చాలు. ప్రతి ఇంట్లోనూ డిగ్రీ చదివిన పిల్లలున్నారు, మేనల్లుళ్ళున్నారు, మనమున్నాం. ఒక సాయంత్రం ఆవిడ పక్కన కూచుంటే అయ్యే పని. ఆ ఫిర్యాదుకు చట్టం ఇచ్చిన గడువు రెండేళ్ళు. మన ఇళ్ళ అటకల మీదున్న పెట్టెల్లో చాలావాటికి ఆ గడువు మనం నవ్వుతుండగానే దాటిపోయింది.