ముందు రెండో బకెట్టు కొనండి, తర్వాత కోటింగు సంగతి చూద్దాం

కొత్త కారు కొన్న ప్రతివాడికీ షోరూములో ఆఖరి సంతకం ముందు ఓ ప్రశ్న ఎదురవుతుంది. "సిరామిక్ కోటింగ్ కూడా వేయించేద్దామా సార్?" అని. పది లక్షలు పెట్టినవాడు ఇంకో పాతికవేలకి వెనకాడడని వాళ్ళ ధీమా. కొన్నేళ్ళ కిందట ఇదే ప్రశ్నని టెఫ్లాన్ పేరుతో అడిగేవాళ్ళు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కారు రంగు నాలుగు కాలాల పాటు ఉండాలంటే మొదటి ఖర్చు కోటింగు మీద కాదు, రెండో బకెట్టు మీద, పొద్దున్నే మన కారు తుడిచే అబ్బాయి మీద పెట్టాలి. వేళాకోళం కాదండీ, కారణాలున్నాయి.

మనం కారు రంగు అనుకునేది నిజానికి నాలుగు పొరలు. రేకు తుప్పు పట్టకుండా ఒకటి, దానిమీద ప్రైమర్, ఆపైన అసలు రంగు, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోట్. అన్నీ కలిపినా మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. మిల్లీమీటరులో ఆరో వంతు కూడా లేదు. అందులో క్లియర్ కోట్ వాటా సుమారు 40, 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కన్నా పల్చన. ఎండ నుంచి రంగుని కాపాడేదీ, మెరుపునిచ్చేదీ ఈ పొరే.

ఇప్పుడు పాలిష్ అంటే ఏమిటో చూడండి. గీతని పూడ్చడం కాదు, గీత అడుగు తగిలేదాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్ ని అరగదీయడం. మెత్తటి పాలిష్ అయితే ఒకటి రెండు మైక్రాన్లు పోతాయి, గరుకు కాంపౌండు వాడితే ఇంకా ఎక్కువ. పోయింది మళ్ళీ రాదు. వ్యాక్స్ రాస్తే వచ్చేది వేరే పొర, అది నాలుగు వానలకి పోతుంది. మన భాషలో చెప్పాలంటే ఇది బ్యాకప్ లేని ప్రొడక్షన్ డేటాబేసులో డిలీట్ కొట్టడం లాంటిది. కొట్టాల్సిన రోజు కొట్టాలి, ఆర్నెల్లకోసారి సరదాకి కాదు. కొందరైతే అరగదీయకుండా గీతల్లో నూనెలు నింపి మెరిపించి పంపిస్తారు. పైన పటారం లోన లొటారం! నాలుగు కడుగులకి గీతలన్నీ తిరిగొస్తాయి.

అసలీ గీతలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? ఎండలో బానెట్ మీద సాలెగూడులా గుండ్రంగా కనిపించేవన్నీ దాదాపు తుడవడం వల్ల వచ్చినవే. మన కొండాపూర్, నానక్ రామ్ గూడ వైపు ఎప్పుడూ ఏదో ఒకటి కడుతూనే ఉంటారు. ఆ దుమ్ములో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం మోహ్స్ కొలతలో 7. మరి కోటింగు డబ్బా మీద గొప్పగా రాసే 9హెచ్? అది ఆ కొలత కాదు, పెన్సిలు ముల్లుతో గీసి చూసే పరీక్ష తాలూకుది! రెంటికీ పోలికే లేదు. దుమ్ము మీద పొడిగుడ్డ పెట్టి రుద్దితే కోటింగు కూడా గీతలు పడుతుంది.

సెల్లార్లో ఒకే బకెట్టు, ఒకే గుడ్డతో ఎనిమిదింటిలోపు ఇరవై కార్లు తుడిచే మనిషిని తిట్టి లాభం లేదు. పని అలా పెట్టింది మనం. దుమ్ము ఊరికే ఉంటే కారుకి నష్టం లేదు, రుద్దితేనే నష్టం. అంచేత నేను చెప్పిందేమిటంటే, రోజూ వద్దు, వారానికి రెండుసార్లు చాలు, ముందు నీళ్ళు పోసి తర్వాతే గుడ్డ పెట్టు, జీతం మాత్రం తగ్గించను అని. ఒక బకెట్లో షాంపూ నీళ్ళు, రెండోదాంట్లో గుడ్డ జాడించడానికి ఉత్త నీళ్ళు, రెండు మూడు మైక్రోఫైబర్ గుడ్డలు. అంతే.

ఇక వరస సంగతి. ముందు చక్రాలు, అదీ చల్లారాక. వాటి మీద పేరుకునే నల్లటి పొడిలో ఎక్కువ భాగం బ్రేకుల నుంచి రాలిన ఇనుప రజను. అల్లాయ్ చక్రాలకీ సాధారణంగా క్లియర్ కోట్ ఉంటుంది కాబట్టి యాసిడ్ పోయకండి. ఇనుముని కరిగించే క్లీనర్లు దొరుకుతాయి, రజను తగలగానే ఊదారంగుకి తిరుగుతాయి. చక్రాలకి వాడిన గుడ్డ మళ్ళీ బానెట్ ఎక్కకూడదు.

తర్వాత బాడీ, నీడలో. బోరు నీళ్ళయితే వెంటనే తుడిచెయ్యాలి, లేకపోతే ఆరిన చోటల్లా తెల్లమచ్చలు. కడిగాక పల్చటి పాలిథిన్ సంచిలో చెయ్యి పెట్టి రంగు మీద మెల్లగా నిమరండి. ఇసకలా గరగరమంటే క్లే వాడాలి, నున్నగా ఉంటే అక్కర్లేదు.

పాలిష్ అవసరమనిపిస్తే ముందు మందం కొలిచే మీటరుతో కొలిచి చూపించమనండి. కొలవకుండా మెషీను పట్టుకునేవాడికి కారు ఇవ్వకండి. అరచేతంత చోట మెత్తటి పాలిష్ తో మొదలుపెట్టి, చాలకపోతేనే గరుకుదానికి వెళ్ళాలి.

ఆఖర్న రక్షణ. కార్నౌబా వ్యాక్స్ బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది, అందంగా ఉంటుంది కానీ మన ఎండలకి ఒకటి రెండు నెలలే. సింథటిక్ సీలెంటు అయితే ఉగాదికోసారి, దసరాకోసారి గుర్తుపెట్టుకుని రాసుకోవచ్చు. దసరా పూజకి పెట్టిన పసుపు, నిమ్మరసం మరకలు మాత్రం ఆ రోజే కడిగెయ్యండి.

మరి సిరామిక్ కోటింగు మోసమా? కాదు. ఎండలో పార్కు చేసేవాళ్ళకి, సొంతంగా పద్ధతిగా కడుక్కునేవాళ్ళకి పనికొస్తుంది. మురికి త్వరగా వదులుతుంది, వ్యాక్స్ కన్నా చాలాకాలం ఉంటుంది. కానీ రాయి తగిలితే ఆపలేదు, దానికి మందపాటి ఫిల్మ్ కావాలి. కడిగే పద్ధతి మార్చకుండా కోటింగు వేయించడమంటే మెమరీ లీకు ఎక్కడుందో వెతకకుండా వారంవారం సర్వరు రీస్టార్ట్ చెయ్యడమే. ఇక్కడ ప్రతి రీస్టార్టుకీ సర్వరు కొంచెం అరుగుతుంది కూడా.

చివరిగా ఓ లెక్క. కారు తుడిచే అబ్బాయికి ఇప్పుడిచ్చే దానికన్నా నెలకి 500 ఎక్కువ ఇచ్చినా, పాతికవేలు కరగడానికి 50 నెలలు, అంటే నాలుగేళ్ళ పైచిలుకు. ఆ నాలుగేళ్ళూ మీ కారు మీద కొత్త గీతలు తగ్గుతాయి, ఓ మనిషికి పొద్దున్న పని కాస్త తేలికవుతుంది. ఇంతకన్నా మంచి డీల్ ఏ షోరూములోనైనా ఉంటే నాకూ చెప్పండి.