అంధుల శ్రవణశక్తి: వరమా, సాధనా?

ఉర్దూ మాట్లాడే కుటుంబాలలో చూపులేని మనిషిని ‘హాఫిజ్‌జీ’ అని మర్యాదగా పిలవడం పాత అలవాటు. హాఫిజ్ అనగా దివ్య ఖురాన్‌ను ఆద్యంతం కంఠస్థం చేసినవాడు. ఆ వ్యక్తికి ఖురాన్ వచ్చినా రాకపోయినా పిలుపు మాత్రం చెల్లుతుంది. సంస్కృతంలో అంధునికి ‘ప్రజ్ఞాచక్షువు’ అనే గౌరవవాచకం కలదు. కన్ను పోయిన చోట మరొకటేదో వెలుగుతుందని రెండు సంప్రదాయాలూ తలచినవి. మన తెలుగు నుడికారంలో ఇంతటి మర్యాద కనబడదు. గుడ్డి నమ్మకం, గుడ్డి లెక్క, గుడ్డెద్దు చేలో పడ్డట్లు అంటూ అవివేకానికి అంధత్వాన్ని పర్యాయపదంగా వాడుకొంటున్నాము. ఆ పొగడ్తా ఈ తెగడ్తా చివరకు ఒకే చోటికి చేరుస్తాయని మా అభిప్రాయం. మొదటిది అంధునికి మన సాయం అక్కరలేదంటుంది. రెండవది సాయం చేసి ప్రయోజనం లేదంటుంది.

భగవంతుడు ఒకటి తీసుకొని మరొకటి ఇస్తాడని లోకులు అంటారు. దైవకృపను శంకించడం మా ఉద్దేశం కాదు. ఆ ఇవ్వడం ఏ విధంగా జరుగుతున్నదో విచారించడంలో మాత్రం తప్పు లేదు. అంధుని చెవి నిర్మాణంలో ఇతరుల చెవికి భిన్నమైనది కాదు. మిక్కిలి సన్నని ధ్వనిని పట్టగల శక్తిని మాత్రమే కొలిచే పరీక్షలలో వారికీ చూపున్నవారికీ చెప్పుకోదగిన భేదం సామాన్యంగా కనబడదు. విన్నదానిని మనసు ఏమి చేసుకొంటున్నది అన్నచోటనే అసలు భేదం మొదలవుతుంది.

ఇందుకు అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగాలు మంచి నిదర్శనం. కొందరు అంధులు గోడకు తగలకముందే, రెండు మూడు అడుగుల దూరంలోనే ఆగిపోవడం అందరూ ఎరిగినదే. ఎలా తెలిసినదని అడిగితే, ముఖానికి ఏదో ఒత్తిడి తగిలినట్లున్నదని వారిలో చాలామంది చెప్పేవారు. అందుచేత పండితులు దానికి ‘ముఖదృష్టి’ అని పేరు కూడా పెట్టినారు. సూపా, కాట్జిన్, డాలెన్‌బాక్ అనే ముగ్గురు దీనిని పరీక్షించి 1944లో ఫలితాలు ప్రకటించినారు. వారిలో సూపా స్వయంగా అంధుడు. ముఖాన్ని దళసరి గుడ్డతో కప్పినపుడు కూడా అంధులు గోడను ముందే పసిగట్టినారు. చెవులు మూసివేసినపుడు మాత్రం పోయి గోడకు కొట్టుకొన్నారు. తమ అడుగుల చప్పుడు గోడకు తగిలి తిరిగివస్తుంటే, ఆ ప్రతిధ్వనిని వారి చెవి అందుకొంటున్నది. దానిని ముఖ స్పర్శ అని వారే భ్రమపడినారు! అంతకన్న విశేషం మరొకటి ఉన్నది. కళ్ళకు గంతలు కట్టుకొన్న చూపున్నవారు మొదట తడబడినా, అభ్యాసం మీద వారు కూడా ఆ విద్యను పట్టుబడి చేసుకొన్నారు.

ఈ చివరి సంగతిని ఇంగ్లండులో 2021లో ప్రకటించిన పరిశోధన ఒకటి బలపరచింది. 12 మంది అంధులకు, 14 మంది చూపున్నవారికి 10 వారాల పాటు నాలుకతో టక్కుమని చప్పుడు చేసి, దాని ప్రతిధ్వనిని బట్టి వస్తువు ఎక్కడున్నదో, ఎంతటిదో గుర్తించడం నేర్పినారు. రెండు వర్గాలవారూ నేర్చుకొన్నారు. పాల్గొన్నవారిలో 21 ఏండ్ల వారి నుండి 79 ఏండ్ల వృద్ధుల దాకా ఉన్నారు.

మెదడు విషయం మరింత ఆశ్చర్యకరం. ఇటువంటి ప్రతిధ్వనులతో దారి తెలుసుకొనే ఇద్దరు అంధుల మెదడులను 2011లో యంత్రాల ద్వారా పరిశీలించగా, సామాన్యంగా చూపునకు ఉపయోగపడే భాగమే వారు ప్రతిధ్వనులను వినేటపుడు చురుకుగా పనిచేయడం కనబడినది. ఖాళీగా పడియున్న గదిని ఇంటివారు మరొక పనికి వాడుకొన్నట్లే గదా! అయితే ఈ సర్దుబాటుకు వయసుతో సంబంధం ఉన్నది. స్వరం పైకి పోయినదా కిందికి దిగినదా అని చెప్పే పరీక్షలో పసితనంలోనే చూపు పోయినవారు ఇతరులను మించినారనీ, పెద్దయిన తరువాత చూపు పోయినవారిలో ఆ ఆధిక్యం లేదనీ 2004లో వెలువడిన ఒక పరిశోధన తెలుపుతున్నది.

అన్ని విషయాలలో అంధుల శ్రవణం మిన్న అనడం కూడా సరి కాదు. మూడు చప్పుళ్ళు వరుసగా వినిపించి, నడిమిది మొదటిదానికి దగ్గరా చివరిదానికి దగ్గరా అని అడిగితే, పుట్టుగుడ్డివారు చూపున్నవారికన్న ఎక్కువగా తడబడినట్లు 2014లో తేలినది. దిక్కులను, దూరాలను చెవికి నేర్పడంలో కంటికి కూడా పాత్ర ఉన్నదన్నమాట. వరమే అయితే ఇటువంటి వెలితి ఉండదు. సాధన కనుకనే కొన్నిచోట్ల పండుతుంది, కొన్నిచోట్ల కొరత పడుతుంది.

చూపు లేనంత మాత్రాన వినికిడి వివేకంగా మారదని భారతం చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. యుద్ధ పర్వాలలోని కథ సంజయుడు ధృతరాష్ట్రునికి వినిపించినదే. అంతకు ముందు ఒక రాత్రి నిదురపట్టక విదురుని పిలిపించుకొని తెల్లవార్లూ నీతి విన్నాడు ఆ రాజు. అంతా విన్నాడు, ఒక్కటీ చెవిని పెట్టలేదు. ‘వినడం’, ‘చెవిని పెట్టడం’ అనే రెండు మాటలు తెలుగువారికి ఉండడం మన భాష చేసుకొన్న పుణ్యం.

దీనికి ఎదురుగా నిలిచే జీవితం ఈజిప్టు దేశపు తాహా హుసేన్‌ది. ఆయన 1889లో ఒక పల్లెలో జన్మించినారు. పసితనంలో కళ్ళకు జబ్బు చేస్తే క్షురకుని వైద్యం వలన చూపు పోయినది. బడిలో విని విని ఖురాన్ వల్లించినారు. 1902లో అల్ అజ్‌హర్‌లో చేరినారు. 1914లో కైరో విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందినారు. అందుకు ఆయన ఎన్నుకొన్న విషయం తమవలెనే బాల్యంలో చూపు కోల్పోయిన మహాకవి అబుల్ అలా అల్ మఅర్రీ. తరువాత ఫ్రాన్సులో మరొక డాక్టరేటు సాధించి, 1950లో ఈజిప్టు విద్యామంత్రి అయినారు. ‘అల్ అయ్యామ్’ అనే ఆయన ఆత్మకథ చదివినవారికి కైరో వీధి కనబడదు, వినబడుతుంది. హుక్కా గుడగుడ, చిలుక అరుపు, వాటి మధ్య తన గది ఎక్కడో గుర్తించే బాలుడు. అదే గ్రంథంలో మరొక దృశ్యం మమ్మల్ని ఎక్కువగా బాధించినది. అన్నగారు మిత్రుల గదికి పోయినపుడు, అక్కడి నవ్వులూ టీ పాత్రల చప్పుడూ వింటూ ఆ బాలుడు ఒంటరిగా మూలన కూర్చొనేవాడు. అంత చక్కగా వినగల చెవి ఉన్నందువలన అతని ఒంటరితనం తగ్గలేదు, పెరిగినది. ఈ సంగతిని అంధుల శ్రవణశక్తిని కొనియాడేవారు ఎవరూ ప్రస్తావించరు.

ఆ దేశంలోనే 1934లో ప్రభుత్వ రేడియో ప్రారంభమైన నాడు ఖురాన్ పారాయణం చేసినవారు షేక్ మహమ్మద్ రిఫాత్. ఆయన కూడా బాల్యంలోనే అంధులు. మన ప్రాంతంలో చూపు మందగించిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1919లో విజయనగరం సంగీత కళాశాలకు విద్యార్థిగా చేరడానికి పోగా, వాయులీనం విన్న పెద్దలు ఆచార్యునిగానే నియమించినారు. అప్పటికి ఆయనకు 26 ఏండ్లు. ఇవి గొప్ప ఉదాహరణలే. కాని అంధులందరూ గాయకులో ఖారీలో కావాలని ఎవరైనా అంటే మేము అంగీకరించము. ఒక విద్యార్థికి గణితం మీద, మరొకరికి న్యాయశాస్త్రం మీద అభిరుచి ఉండవచ్చును. మచిలీపట్నం ప్రాంతంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు పదవ తరగతి తరువాత విజ్ఞానశాస్త్ర విభాగంలో ప్రవేశం నిరాకరించగా న్యాయస్థానానికి పోవలసి వచ్చినది. ఆయన ధ్వనిముద్రణ చేసిన పాఠాలు విని 98 శాతం మార్కులు తెచ్చుకొన్నారు. తరువాత అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివి పారిశ్రామికులైనారు. ఇక్కడ కొరవడినది ఆయన చెవి కాదు, తలుపు.

ఇస్లాం చరిత్రలో హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) గారి స్థానం మన విద్యార్థులకు తెలిసినదే. ఆయన అంధులు. ఖురాన్‌లోని 80వ సూరా ఆయన సందర్భంగా అవతరించినది. మదీనాలో హజ్రత్ బిలాల్ (రజి) వేకువకు ముందు అజాన్ పలికితే, తెల్లవారిన తరువాతి అజాన్ ఈయన పలికేవారు. ఉపవాసాలుండే ఊరంతా ఆయన గొంతు కోసం చెవి యొగ్గి ఉండేది. ఒక అంధుని చేతికి ఉదయాన్ని ప్రకటించే పదవిని ప్రవక్త మహనీయులు (స) అప్పగించినారు! అయితే ఉదయానికి చప్పుడు లేదు. ఎంత సూక్ష్మమైన చెవి అయినా దానిని వినలేదు. హదీసులో చెప్పబడినది ఏమనగా, తెల్లవారినదని పక్కవారు చెప్పే వరకు ఆయన అజాన్ పలికేవారు కారు. ఆ చెప్పినవారి పేర్లు చరిత్రలో లేవు. మా వ్యాసమంతా ఆ పేరు లేనివారిని గూర్చియే అని పాఠకులు గ్రహించగలరు.

ఇక మన కళాశాల సంగతి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 32వ సెక్షను ప్రకారం, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థలు 40 శాతానికి తగ్గని వైకల్యం గలవారికి కనీసం 5 శాతం సీట్లు కేటాయించవలెను. సీటు ఇవ్వడంతో పని ముగియదు. అధ్యాపకుడు నల్లబల్ల ముందు నిలిచి, ‘ఇది ఇక్కడి నుండి అక్కడికి పోతుంది’ అని సుద్దముక్కతో చూపినపుడు, వెనుక బల్లపై కూర్చొన్న అంధ విద్యార్థి వినికిడి ఎంత పదునైనదైతే ఏమి? ‘ఇది’ అన్న మాట వినబడుతుంది. ఏది అన్నది వినబడదు. వ్రాస్తున్నదానిని పలుకుతూ వ్రాయడానికి పైసా ఖర్చు లేదు. దానివలన చూపున్న విద్యార్థులకు నష్టమూ లేదు. పరీక్షలలో వ్రాయసకానిని ఇవ్వడం, గంటకు 20 నిమిషాలకు తక్కువ కాని అదనపు సమయం ఇవ్వడం 2013 నుండి కేంద్ర ప్రభుత్వపు మార్గదర్శకాలలో ఉన్నవే. వాటిని గుర్తుచేయవలసి రావడమే విచారకరం.

చెవి ఒక్కటే చాలునని అనుకొనేవారికి మా భాషల నుండి ఒక చిక్కు చూపుతాము. ఉర్దూలో ‘స’ ధ్వనికి సే, సీన్, స్వాద్ అని మూడు అక్షరాలు; ‘జ’ వంటి ధ్వనికి జాల్, జే, జ్వాద్, జోయ్ అని నాలుగు. వినికిడి మీదనే చదివిన విద్యార్థికి ఏ మాటలో ఏ అక్షరమో తెలిసే దారి ఏది? తెలుగులో ఇంత చిక్కు లేకపోయినా శ, ష, ణ, న అనే తారతమ్యాలు నేటి ఉచ్చారణలో అందరికీ వినబడుతున్నాయా? కనుక బ్రెయిలీ తప్పదు. చూపులేని లూయీ బ్రెయిలీ తన 15వ ఏట, 1824లో, ఆ లిపిని రూపొందించినాడు; భారతీయ భాషలన్నింటికీ కలిపి భారతి బ్రెయిలీ 1951లో ఏర్పడినది. ధ్వనిముద్రణలు వచ్చినవి గనుక బ్రెయిలీ పాతబడినదని అనుకొనడం, రేడియో వచ్చినది గనుక పలకలు పారవేయుడన్నట్లున్నది.

సంచార దూరవాణిలో అక్షరాలను చదివి వినిపించే ఏర్పాటు నేడు ఉచితంగానే లభిస్తున్నది. అలవాటుపడిన అంధ విద్యార్థులు దానిని మనకు గణగణ శబ్దం తప్ప మరేమీ వినబడనంత వేగంతో పెట్టుకొని వింటారు. ఇదీ సాధనే. గణకయంత్రంపై పనిచేసే ఎన్.వి.డి.ఏ. అనే ఉచిత సాధనాన్ని 2006లో ఆరంభించినవారు కూడా చూపులేనివారే. ఇవన్నీ ఉన్నా మన కళాశాల నోట్సులు, పాత ప్రశ్నపత్రాలు వారికి వినబడవు. చాలా కాగితాలు ఛాయాచిత్రాలుగా ఉన్నవి. మిగిలినవాటిలో తెలుగువి అను ఖతులలోను, ఉర్దూవి పాత ఇన్‌పేజ్‌లోను కూర్చబడినవి. ఆ ఖతులను యంత్రం చదివితే అర్థంలేని అక్షరాల పోగు మాత్రమే వినబడుతుంది. యూనికోడ్‌లో కూర్చినవి మాత్రం చక్కగా వినబడుతాయి. ఈ వార్షిక సంచికకు కూడా అదే దుర్గతి. అంధుల కోసం పుస్తకాలను వేరొక రూపంలోనికి మార్చుకొనడానికి 2012 నాటి గ్రంథస్వామ్య చట్ట సవరణ అనుమతిస్తున్నది గనుక, ఆ భయం కూడా కమిటీ వారికి అక్కరలేదు.

గ్రంథాలయంలో ఒక గణకయంత్రాన్ని, చెవికి తగిలించుకొనే పరికరాన్ని కేటాయించి, ఈ సంచికలోని రెండు భాషల వ్యాసాలనూ యూనికోడ్ రూపంలో అందులో ఉంచవలసినదిగా కమిటీ వారిని కోరుతున్నాము. ఈ వ్యాసాన్ని సంపాదకవర్గానికి యూనికోడ్‌లోనే అందజేసినాము. ముద్రణాలయం వారు తమ సౌకర్యం కొద్దీ దానిని అను ఖతిలోనికి మార్చుకొనవచ్చును. మూలప్రతిని మాత్రం చెరిపివేయవద్దని మనవి.