తపస్కాలమున బృందగానము
1997లో సేలం మేత్రాసనమునుండి వేఱుపడిన ధర్మపురి మేత్రాసనమునందలి కృష్ణగిరి, హోసూరు ప్రాంతములలో తెలుఁగు, తమిళము, కన్నడము ఇరుగుపొరుగులై వర్ధిల్లుచుండఁగా, మహిమగీతమును అల్లెలూయయు మౌనము వహించు తపస్కాలమునందు గాయకబృందము చేయవలసిన సేవ శ్రోతలను రంజింపఁజేయుట గాక, సమస్త సంఘమును ఏకకంఠముతో పశ్చాత్తాపమునకు నడిపించుటయే యని నా దృఢవిశ్వాసము. ఈ కాలమున వాద్యములు గానమునకు ఊతగా మాత్రమే మ్రోగవలెనని 1967 నాఁటి రోమను సంగీతశాసనము విధించిన నియమమునందు, హంగులు తొలఁగినపుడే పదముల యర్థము హృదయమునకు సూటిగా చేరునన్న వివేకము గలదు. కావున గాయకులు ధ్వనివర్ధకముల యార్భాటమును తగ్గించి, సంఘభేదము పాటింపక, పురుషోత్తమ చౌధరి (1803–1890) వంటి భక్తకవులు మన రాగతాళములలో కూర్చిన కీర్తనలను సామాన్యుఁడు సైతము గొంతు కలుపఁగల శ్రుతిలో పాడి, ఇచటి తెలుఁగు పిల్లలచే వానిని కంఠస్థము చేయింపవలెను. సంఘము నోరు మెదపని చోట బృందమెంత మధురముగా పాడినను ఆరాధన యసంపూర్ణమే.