శస్త్రమునకు ముందు అన్నము

2007వ సంవత్సరమున ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరోగ్యశ్రీ ప్రారంభమైన నాటినుండి గుండె కవాటములు చెడిన నిరుపేదకు సయితము శస్త్రచికిత్స అందనిమ్రానిపండు కాకుండ పోయినది. ఇది సామాన్యమైన మేలు కాదు. అయితే ఆ రోగి శస్త్రవైద్యుని బల్లమీదికి ఎట్టి శరీరముతో వచ్చుచున్నాడను ప్రశ్నను ప్రభుత్వములు గాని, ఆసుపత్రులు గాని, తుదకు బంధువులు గాని చాలినంతగా విచారించుట లేదని మేము చెప్పవలసియున్నది.

మన దేశమున కవాటరోగములకు పెద్ద హేతువు కీళ్లవాతజ్వరము. గొంతునొప్పిగా మొదలై, ఇరుకిండ్లలోని బీదపిల్లలను పట్టి, కాలక్రమమున గుండెను చెఱచు వ్యాధి యిది. కావున శస్త్రమునకు వచ్చువారిలో పెక్కురు ముందే అర్ధాకలివారు. దానిపై కవాటము ఇరుకగుకొలది రక్తము వెనుకకు నిలిచి, కాలేయమును ప్రేవులును ఉబ్బి, ఆకలి చచ్చును; తిన్నది వంటబట్టదు. ఒకవంక కండ కరగుచుండగా వేఱొకవంక కాళ్లలోను కడుపులోను నీరు చేరును గనుక త్రాసు మాత్రము పాతబరువునే చూపును! ఈ మోసమును గ్రహింపక 'మనిషి బాగానే యున్నాడు' అనుకొనువారు ఎందఱో కలరు.

శస్త్రమయిన పిమ్మట ఊపిరి తీయుటకు, దగ్గి కఫమును వెడలించుటకు, కోసిన రొమ్మెముక అతుకుకొనుటకు కండయు మాంసకృత్తులును కావలయును. 1936లోనే అమెరికాలోని క్లీవ్‌లండు వైద్యుడు స్టడ్లీ, జీర్ణకోశవ్రణమునకు శస్త్రము చేయించుకొన్నవారిని పరిశీలించి, బరువులో అయిదవవంతుకు మించి కోల్పోయినవారిలో మూడవవంతు మంది మరణించిరనియు, తక్కినవారిలో మరణములు నూటికి నాలుగు కంటె తక్కువనియు చూపెను. అది కడుపు సంగతి. గుండె సంగతి కాదు. అయినను నీతి ఒక్కటియే. తీవ్రముగ కృశించిన రోగికి పెద్ద శస్త్రమునకు ముందు 7 మొదలు 14 దినములు పోషణ చేయవలెననియు, అందుకై శస్త్రమును వాయిదా వేసినను తప్పులేదనియు ఐరోపా పోషణవైద్య సంఘము సలహా యిచ్చుచున్నది. స్పృహ తప్పిపడిపోవు రోగి, ఊపిరాడని రోగి అన్నిదినములు ఆగజాలడు. అట్టివారి విషయమున వైద్యుని మాటయే ప్రమాణము.

పోషణయన్నంత మాత్రమున అంగడిలోని డబ్బాలన్నియు కొనుమని మా యభిప్రాయము కాదు. గుండె శస్త్రమునకు వచ్చిన 1516 మందికి చేపనూనె నిచ్చి పరీక్షింపగా గుండెలయ తప్పుట తగ్గలేదని 2012లో తేలినది. రక్తహీనతయో, ఇనుము కొఱతయో గలవారికి శస్త్రమునకు ముందునాడు ఇనుము మొదలగు మందులను ఎక్కింపగా ఎదుటివారి రక్తము ఎక్కించుట తగ్గినదని 2019లో జ్యూరిక్ నగర వైద్యులు ప్రకటించిరి. 2019-21 కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశపు స్త్రీలలో నూటికి 58.8 మంది రక్తహీనులుగా తేలిరి. మనకు ముందుగా కావలసినదేదో దీనివలన స్పష్టమే గదా.

మన యిండ్లలో పథ్యమను పేర జరుగుదాని గూర్చి కూడ ఒక మాట. ఎకరము తెగనమ్మి పట్టణపు ఆసుపత్రిలో చెల్లించు రైతు, తన రోగికి గ్రుడ్డు వేడియని, పెరుగు జలుబని, పప్పు వాతమని మాన్పించి జావనీళ్లు పోయుచున్నాడు. ఆ జావలోనికి ఉప్పుతో నిండిన ఊరగాయను మాత్రము వడ్డించును! గుండెరోగికి మానవలసినది ఉప్పు. పెట్టవలసినవి పప్పు, గ్రుడ్డు, పాలు. నీరు ఎంత త్రాగవచ్చునో, మూత్రపిండముల స్థితినిబట్టి మాంసకృత్తులు ఎంతవఱకు తగునో వైద్యుడు నిర్ణయింపవలయును.

క్షయరోగుల ఆహారమునకై కేంద్రప్రభుత్వము 2018లో నెలకు 500 రూపాయలు ఇయ్యసాగి, 2024 నవంబరు నుండి దానిని 1000 చేసినది. అన్నము కూడ ఔషధమేయని ప్రభుత్వమే ఒప్పుకొన్నదన్నమాట. ఆ న్యాయమును కవాటరోగికిని వర్తింపజేసి, శస్త్రమునకు తేదీ నిర్ణయించునాడే రక్తమును, కండపుష్టిని పరీక్షించి, నిరీక్షించు వారములకు తగిన ఆహారపుఖర్చు నిచ్చునట్లు రెండు తెలుగు ప్రభుత్వములును ఉత్తరువులు చేయవలెనని మేము కోరుచున్నాము.