చెరువులోంచి పోయే రోడ్డు

"మా ఊరికి కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ఫోనులోని మ్యాపు వాళ్ళను తిన్నగా చెరువులోకి తీసుకుపోతోంది. ఈ మ్యాపులు గీసేదెవరండీ? వాళ్ళు ఎన్నడైనా మా ఊరు చూశారా?" అని ఒక చదువరి నాకు రాశారు. ఆ ఊరి పేరు చెప్పను గాని, ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు. వీధి పేరు తప్పు పడిందనీ, పక్క ఊరి పేరు మా ఊరికి పెట్టారనీ ఇలాంటి ఉత్తరాలు నాకు అడపాదడపా వస్తూనే ఉన్నాయి. అందుచేత ఈ వారం మనం ఆ మ్యాపు లోపలికి ఒకసారి తొంగిచూద్దాం.

మొదట ఒక సంగతి తెలుసుకోవాలి. ఫోనులో కనిపించేది ఒక్క బొమ్మ కాదు. ఒకదానిమీద ఒకటి పరచిన పలచని కాగితాల దొంతర అనుకోండి. ఒక కాగితం మీద ఆకాశం నుంచి తీసిన ఫొటో ఉంటుంది. ఒకదానిమీద నేల ఎత్తుపల్లాలు, మరొకదానిమీద రోడ్లు, ఇంకొకదానిమీద పేర్లు. ఒక్కొక్క కాగితం ఒక్కొక్క చోట పుట్టింది. దేని గుణం దానిదే, దేని లోపమూ దానిదే.

పూర్వం ఈ పని ఇంత సులువు కాదు. 1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి మద్రాసులో సెయింట్ థామస్ కొండ దగ్గర ఉక్కు గొలుసు పరచి ఏడున్నర మైళ్ళ గీత ఒకటి కొలిచాడు. ఆ ఒక్క గీతకే దాదాపు రెండు నెలలు పట్టింది. దాన్ని ఆధారం చేసుకుని త్రిభుజం పక్కన త్రిభుజం కట్టుకుంటూ దేశమంతా కొలుచుకుపోయారు. కోణాలు చూసే ఆ పెద్ద థియొడొలైటు బరువు అర టన్ను. దాన్ని కొండల మీదికి మనుషులే మోశారు. 1819లో లాంబ్టన్ సహాయకుడు జార్జి ఎవరెస్టు కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో కొలతలకు దిగితే, ఆ బృందాన్నంతటినీ జ్వరాలు పట్టుకున్నాయి. కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. తరువాతి కాలంలో ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరానికి ఎవరెస్టు పేరు పెట్టారు. జెండా కర్రలు మోసినవాళ్ళ పేర్లు మాత్రం ఏ గుట్టకూ పెట్టలేదు.

ఇప్పుడు ఆ కొండలెక్కే పనిలో చాలాభాగం ఉపగ్రహాలు తీసుకున్నాయి. నేలను అదే పనిగా ఫొటో తీసే అమెరికావారి మొదటి లాండ్‌శాట్ 1972 జూలైలో ఎగిరింది. మన ఐ.ఆర్.ఎస్.-1ఎ 1988 మార్చిలో సోవియట్ రాకెట్టు మీద బైకనూరు నుంచి వెళ్ళింది. 2005లో మన శ్రీహరికోట నుంచి ఎగిరిన కార్టోశాట్-1 రెండున్నర మీటర్ల వివరాన్ని పట్టింది. 2019లో ఎగిరిన కార్టోశాట్-3 పావు మీటరుదాకా వచ్చింది. మన ఉపగ్రహాలు పంపే ఈ సమాచారాన్ని హైదరాబాదు దగ్గర షాద్‌నగర్‌లో అందుకుంటారు. నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ వారు దాన్ని సాపుచేసి ఇస్తారు. 2009 ఆగస్టు నుంచి 'భువన్' అనే పేరుతో మనబోటివారు కూడా వాటిలో కొన్నిటిని చూడవచ్చు. 2008లో లాండ్‌శాట్ ఫొటోలనూ ఉచితం చేశారు. 2015 నుంచి యూరపువారి సెంటినెల్-2 బొమ్మలూ ఉచితమే.

అయితే సెంటినెల్ వివరం పది మీటర్లు. అంటే పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు నేల మొత్తం ఆ ఫొటోలో ఒకే చుక్క. గూడెంలోని ఒక పాక ఆ చుక్కలో సగం కూడా ఉండదు. చెట్ల కింద ఉంటే అసలే కనబడదు.

ఇక మన చదువరిగారి చెరువు సంగతి. ఫొటో ఏ నెలలో తీశారన్నది ముఖ్యం. మే నెలలో తీసి ఉంటే చెరువు ఎండి ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు చుట్టు తిరగడమెందుకని చెరువు గర్భంలోంచే బళ్ళు తోలుకుపోతారు. పైనుంచి చూసేవాడికి ఆ బండిజాడ తెల్లని గీతలాగా చక్కగా కనిపిస్తుంది. ఎక్కడో వెయ్యి మైళ్ళ దూరాన బల్ల ముందు కూర్చున్నవాడు, లేదా ఫొటోల్లో రోడ్లు వెతకడం నేర్పిన యంత్రం, దాన్ని రోడ్డని గీసేస్తుంది. శ్రావణంలో నీళ్ళొస్తాయని ఫొటో చెప్పదు కదా! ఆ ఊరిలో పదేళ్ళ పిల్లవాణ్ణడిగితే చెబుతాడు. అడిగినవారెవరు?

ఎత్తుపల్లాల కాగితం కథ మరీ చిత్రం. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే వ్యోమనౌక అరవై మీటర్ల బొంగులాంటి చెయ్యి చాపుకుని, దాని కొసన ఒక రాడారూ, ఒంటిమీద ఒక రాడారూ పెట్టుకుని, పదకొండు రోజులు భూమి చుట్టూ తిరిగింది. మన రెండు కళ్ళూ దూరాన్ని అంచనా వేసినట్టే ఆ రెండు రాడార్లూ కలిసి ప్రపంచపు నేలలో సుమారు ఎనభై పాళ్ళకు ఎత్తులు కట్టాయి. ఆ లెక్కలు నేటికీ వాడుకలో ఉన్నాయి. కాని రాడారు కిరణం చాలాచోట్ల నేలదాకా దిగదు. చెట్ల దగ్గరా, ఇళ్ళ కప్పుల దగ్గరా ఆగి తిరిగొస్తుంది. కొబ్బరితోట ఉన్నచోట నేలే ఎత్తుగా ఉన్నట్టు లెక్క పడుతుంది. ఇది చిన్న పొరపాటా? 2019లో శాస్త్రజ్ఞులు ఈ ఎత్తులను సవరించి చూస్తే, సముద్రం పెరిగి వరద ముప్పు పడే జనం వెనుకటి అంచనాకు మూడు రెట్లని తేలింది. డెల్టాల్లో మీటరు తేడా అంటే ఇల్లు మునగడానికీ మునగకపోవడానికీ ఉన్న తేడా. మన కోనసీమవారికి నేను వేరే చెప్పనక్కరలేదు.

మీరెక్కడున్నారో చెప్పే నీలం చుక్క ఉన్నదే, దాని పని వేరు. ఇరవైవేల కిలోమీటర్ల పైన తిరిగే ఉపగ్రహాలు 'ఇప్పుడు టైము ఇంత' అని చాటుతూ ఉంటాయి. ఆ కబురు మీ ఫోనుకు చేరడానికి పట్టిన కాలాన్నిబట్టి దూరం కడతారు. మీ చోటు తేలడానికి మూడు ఉపగ్రహాలు, ఫోను గడియారం తప్పు దిద్దడానికి నాలుగోది, వెరసి నాలుగైనా కావాలి. గడియారం సెకనులో పదిలక్షలో వంతు తప్పితే చోటు మూడువందల మీటర్లు తప్పుతుంది. అమెరికా సైన్యం 2000 మే దాకా సామాన్యులకు కావాలనే కొంత తప్పు కలిపి ఇచ్చేది. ఆ నెలలో అది ఆపేశారు. మన దేశమూ 2013 నుంచి ఇటువంటి ఉపగ్రహాలను తనవిగా పంపుకుంటున్నది. ఆ ఏర్పాటు పేరు నావిక్.

ఫోన్లు మరో పని కూడా చేస్తాయి. వేలమంది జేబుల్లోని ఫోన్లు ఒకే గీత వెంట కదిలితే అక్కడ రోడ్డున్నదని మ్యాపు నడిపేవారికి తెలిసిపోతుంది. అందుకే పట్నంలో కొత్త వంతెన వేస్తే తొందరగా మ్యాపులోకి ఎక్కుతుంది. రోజుకు పదిమంది నడిచే గూడెం దారిని పట్టించుకునే నాథుడుండడు.

ఇన్ని సాధనాలున్నా ఒకటి మాత్రం ఆకాశం నుంచి రాదు. అది పేరు. పైనుంచి చూస్తే బడి అయినా, ఆసుపత్రి అయినా, ధాన్యం గోడౌను అయినా ఒకే రేకుల కప్పు. వాగుమీద వంతెన వానాకాలంలో నిలుస్తుందో లేదో, ఏ బోరునీళ్ళు తాగవచ్చునో, ఏ కొత్తపల్లి ఏ మండలంలోదో ఇవన్నీ అక్కడివాళ్ళు చెబితేనే తెలుస్తాయి.

చెప్పేవాళ్ళు లేకపోతే ఏమవుతుందో 2010లో లోకం చూసింది. జనవరి 12న హైతీ దేశంలో పెద్ద భూకంపం వచ్చింది. రాజధాని పోర్టోప్రిన్సు కూలిపోయింది. పరుగెత్తుకొచ్చిన సహాయకుల చేతిలో సరైన మ్యాపు లేదు. ఏ వీధి ఎటు పోతుందో, ఆసుపత్రి ఎక్కడో తెలియదు. అప్పుడు వివిధ దేశాల్లో వందలాది మంది, ఒకరి ముఖం ఒకరెరుగనివాళ్ళు, ఉపగ్రహాల కొత్త ఫొటోలు చూసి రాత్రింబవళ్ళు వీధులు గీశారు. కూలిన ఇళ్ళు, జనం తలదాచుకున్న గుడారాలు గుర్తించారు. హైతీవాళ్ళు పేర్లు చెప్పారు. కొన్ని రోజుల్లో ఖాళీ కాగితం నిండింది. సహాయక దళాలు దాన్నే తమ యంత్రాల్లో ఎక్కించుకుని తిరిగాయి. వారంతా గీసింది 'ఓపెన్ స్ట్రీట్ మ్యాప్' మీద. 2004లో లండనులో స్టీవ్ కోస్ట్ అనే విద్యార్థి మొదలుపెట్టిన పని అది. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. అక్కడ పేరు నమోదు చేసుకున్నవారు ఇప్పుడు కోటి దాటారు.

ఆ పని భూకంపానికి ముందే జరిగి ఉంటే ఇంకెందరు దక్కేవారో అని నాకు అనిపిస్తూ ఉంటుంది. మన ఏజెన్సీలో నిండు గర్భిణిని డోలీ కట్టి కొండ దించుతున్నారని పత్రికల్లో చదువుతాం. ఆ గూడెం పేరు మ్యాపులో లేకపోతే అంబులెన్సు డ్రైవరు ఎక్కడికని వస్తాడు? రోడ్డు వెయ్యడానికి ఏళ్ళు పడుతుంది, నిజమే. గూడెం పేరు రాయడానికి నిమిషం చాలును. రోడ్డు కావాలని అర్జీ పెట్టుకునేవాడికి కూడా మొదట 'ఇదిగో మా ఊరు' అని చూపించడానికొక చుక్క ఉండాలి కదా.

మన దేశంలో మ్యాపుల పనికి ఒకప్పుడు అనుమతులు, ఆంక్షలు చాలా ఉండేవి. 2021 ఫిబ్రవరి 15న కేంద్ర ప్రభుత్వం వాటిని బాగా సడలించింది. కనుక చదువుకున్న పిల్లలున్న ప్రతి ఊరూ ఈ పనికి పూనుకోవచ్చు. కంప్యూటరే ఉండాలని లేదు. 'స్ట్రీట్ కంప్లీట్' అనే ఉచితమైన యాప్ ఉంది. మీరు వీధిలో నడుస్తుంటే 'ఈ దారికి పేరేమిటి?', 'ఇక్కడ రాత్రి దీపం ఉందా?' అని అడుగుతుంది. జవాబు చెబితే చాలు.

రాసేవారికి మూడు మాటలు చెబుతాను. చూసినదే రాయండి, విన్నది నలుగురినడిగి రాయండి. మరొకరి మ్యాపు చూసి నకలు దించకండి, అది చట్టం ఒప్పదు. వాళ్ళ తప్పులు కూడా మీకంటుకుంటాయి. ఇంటివాళ్ళ పేర్లూ ఫోను నెంబర్లూ ఎక్కించకండి, అవి ఊరి సొత్తు కావు.

ఇంకొక కోరిక. ఊరి పేరు తెలుగులో రాయడానికి అక్కడ వేరే గడి ఉంటుంది. చాలా ఊళ్ళకది ఖాళీగా పడి ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో పడి మన పేర్లు ఎంత వంకరపోయాయో మీకు తెలియనిది కాదు. ఊళ్ళో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి దిబ్బల పేర్లు, రేవుల పేర్లు, కుంటల పేర్లు అడిగి రాసుకోండి. వాటిలో చాలా పేర్లు ఏ రికార్డులోనూ లేవు, వాళ్ళ నోళ్ళలోనే ఉన్నాయి. వచ్చే వేసవి సెలవుల్లో ఏ ఊరి పిల్లలైనా ఈ పని చేస్తే నాకొక కార్డు రాయండి. ఎన్ని పేర్లు దొరికాయో ఈ పేజీలోనే నలుగురికీ చెబుతాను.